బరంపురంలో మా వేసవి తిరుగుళ్లకు తోడైన కిరాయి వ్యాను

ఉగాదికి ముందు వారం మొదలుకొని నృసింహ చతుర్దశి దాకా, ఈ వేసవిలో మేము ఐదుగురు స్నేహితురాళ్లం బరంపురంలోని ఒక చిన్న కిరాయి వ్యానును తొమ్మిది సార్లు పిలిపించుకున్నాం. దాని యజమానీ, డ్రైవరూ ఒక్కడే. పాత బస్టాండుకు దగ్గరలో ఇల్లు, ఇంటి ముందే బండి, మాటంతా ఫోనులోనే. బోర్డు గానీ, రంగుల కరపత్రం గానీ లేని ఈ సేవ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఒడిశాలోని మా గంజాం జిల్లాలో వేసవి వేడుకల్లో చాలా భాగం బస్సులు తిరగని వేళల్లోనే జరుగుతాయి. పగటి ఎండకు భయపడి జనం గడప దాటరు కాబట్టి ఊరేగింపులు అర్ధరాత్రి కదులుతాయి, నాటకాలు తెల్లవారుజామున ముగుస్తాయి, తాబేలు పిల్లలు పొద్దు పొడవకముందే సముద్రంలోకి వెళ్లిపోతాయి. తీసుకెళ్లేవాళ్లు ఎందరైనా దొరుకుతారు, చీకట్లో నాలుగు గంటలు నిలబడి తిరిగి ఇంటికి చేర్చేవాళ్లు అరుదు. అందుకని ఈ బండిని నేను వేగంతోనో, సీట్ల మెత్తదనంతోనో కొలవడం లేదు. ఎంత ఓపికగా వేచి ఉంటుందన్నదే నా కొలత.

మేము ఐదుగురమూ ఒకప్పుడు ఖల్లికోట కళాశాలలో కలిసి చదువుకున్నవాళ్లమే. ఇద్దరం ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశాం, ఒకామె తపాలా శాఖలో పనిచేసింది, ఒకామె పట్టు నేసే కుటుంబంలో పుట్టి పెరిగింది, అయిదో ఆమె అందరికంటే పెద్దది కనుక మా అందరికీ వదినగారు. పిల్లలు హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, భువనేశ్వరంలోనో స్థిరపడ్డారు. పుట్టిన ఊళ్లోనే ఉండిపోయిన మేము, ఊరి చుట్టూ ఉన్నవి ఒక్క వేసవిలోనైనా తీరిగ్గా చూడాలని ఎన్నేళ్లుగానో అనుకుంటూ వచ్చాం. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర ఈ ఏడు పడింది. ఇంక వాయిదా వేయకూడదని మాఘమాసంలోనే నిర్ణయించుకున్నాం.

బండి ఏడుగురు కూర్చునే చిన్న వ్యాను. ఊళ్లోకీ, గోపాలపురం వంటి దగ్గరి చోట్లకూ ఆరు గంటలకు 1,400 రూపాయలు, పొద్దున్నుంచి రాత్రి దాకా సాగే దూర ప్రయాణానికి 3,200 రూపాయలు మాకు పడింది. ఆరు గంటలు దాటితే గంటకు వంద రూపాయలు వెయిటింగు ఛార్జీ. అయిదుగురం పంచుకుంటే ఎవరికీ భారం కాలేదు. అడ్వాన్సు అడగలేదు, రాత్రి ప్రయాణానికి ప్రత్యేకంగా ఎక్కువ అడగలేదు. ఆ రెండో మాటే నన్ను మొదట ఆకట్టుకుంది. అంతకుముందు మేము విచారించిన మరో చోట, రాత్రి పది దాటితే కిరాయి రెట్టింపు అనీ, బండి అక్కడ నిలబడదు, మళ్లీ ఫోను చేస్తే వస్తుందనీ చెప్పారు. జన సందోహంలో ఫోను మోత వినబడదు, వినబడినా బండి వీధుల్లోకి రాలేదు. అరవై దాటిన ఆడవాళ్లు ఏ కూడలిలో నిలబడి ఎదురుచూడాలి?

మొదటి పరీక్ష ఠాకురాణీ యాత్రే అయింది. తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. బుఢీ ఠాకురాణీ బరంపురం గ్రామదేవత. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజుల కాలంలో దక్షిణం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల పెద్దను దేశిబెహరా అంటారు. అమ్మవారిని ఆ ఇంటి ఆడపడుచుగా భావించి, చైత్రమాసంలో గుడి నుంచి పుట్టింటికి పిలుచుకొస్తారు. దేశిబెహరా వీధిలో తాత్కాలికంగా కట్టిన మందిరంలో ఆమె మూడు నాలుగు వారాల పాటు ఉంటుంది. రాత్రిపూట ఘటాలు తలకెత్తుకుని ఊరి వీధుల్లో తిరుగుతారు, ఇంటింటి ముందూ పసుపునీళ్లతో కాళ్లు కడుగుతారు, మొక్కుకున్నవాళ్లు పులివేషాలు, దేవతల వేషాలు కట్టి వెంట నడుస్తారు, కూడళ్లలో పురాణ ఘట్టాల మట్టిబొమ్మలు కొలువు తీరుతాయి. ఒడియా పేరుతో సాగే ఈ జాతరలో పుట్టింటికి వచ్చిన కూతురి మర్యాదలన్నీ మన ఇళ్లల్లో జరిగేవే. మా నేత ఇంటి స్నేహితురాలు తన చిన్నతనంలో వాళ్ల నాయనమ్మ అమ్మవారి రాక కోసం ఇల్లు అలికి ముగ్గులు పెట్టిన సంగతి చెబుతుంటే, ఆమె గొంతు పట్టేసింది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు బయలుదేరాం. పాత ఊరి వీధులు ఇరుకు, ఆ రోజుల్లో బండ్లను చాలా దూరంలోనే ఆపేస్తారు. డ్రైవరు ముందురోజు సాయంత్రమే తాను స్వయంగా నడిచి చూసొచ్చాడట. పెద్దబజారు వైపు నుంచి కాకుండా వెనక వీధి గుండా తీసుకెళ్లి, ఒక మూసిన రైసుమిల్లు గోడ పక్కన బండి పెట్టాడు. "టీచరమ్మా, ఈ గోడ మీద తెల్ల సున్నం గుర్తు పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు నేను ఈ మూల దగ్గరే నిలబడతాను, బండిలో పడుకోను" అన్నాడు. అన్నట్టే, రాత్రి రెండు గంటలకు మేము డప్పుల మోతకు చెవులు గింగురుమంటూ, కాళ్లు లాగేస్తూ తిరిగి వచ్చేసరికి ఆ మూలలోనే నిలబడి ఉన్నాడు. వదినగారు మోకాళ్ల నొప్పితో సగం దారిలోనే ఆగిపోతే, ఎదురొచ్చి ఆమెను పట్టుకుని నడిపించింది అతడే. యాత్ర ముగిసేలోపు మరో రాత్రి కూడా వెళ్లాం, అప్పుడూ అంతే.

ఒక్క లోపం ఆ రాత్రే బయటపడింది. బండి మెట్టు చాలా ఎత్తు. పైగా వెనక సీటులోకి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. వదినగారిని ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. చెప్పగానే విన్నాడు, అయితే వెంటనే ఏమీ చేయలేదు. మూడోసారి ప్రయాణానికి మాత్రం ఒక చెక్క ముక్కాలిపీట తెచ్చి బండిలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఎక్కడ ఆగినా ముందు పీట దిగేది, తర్వాత మేము. పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవారు ఈ బండి పిలిపించుకునేటప్పుడు పీట ఉందా అని ఒకసారి అడిగి చూసుకోవడం మంచిది.

చైత్ర మంగళవారాల్లో ఒకదాన తారాతారిణికి వెళ్లాం. పురుషోత్తంపురం దగ్గర రుషికుల్యా నది ఒడ్డున కుమారి కొండ మీద ఉన్న ఆ జంట దేవతల గుడికి బరంపురం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. చైత్ర మంగళవారాల్లో అక్కడ బిడ్డల పుట్టు వెంట్రుకలు తీయించే కుటుంబాలు వేలల్లో వస్తాయి. 999 మెట్లెక్కే ఓపిక మాలో ఒక్కరికే ఉంది, మిగతావాళ్లం రోప్‌వే మీద వెళ్లాం. డ్రైవరు మమ్మల్ని తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరదీసి మంచి పని చేశాడు. మేము దర్శనం చేసుకుని దిగేసరికి కింద రోడ్డు మీద బండ్లు చీమలబారులా కట్టాయి. తిరుగు దారిలో గుగునీ, ఉప్మా తినిపించమంటే నేరుగా తనకు తెలిసిన ఒక చిన్న హోటలుకు తీసుకెళ్లాడు. ఉప్మా మీద ఎండుబఠాణీల గుగునీ పోసుకుని తినడం మా బరంపురం అలవాటు. ఆ హోటలు ఉప్మాలో నెయ్యి వాసన కాస్త తక్కువైనా, గుగునీ మాత్రం సరిగ్గా ఉడికి, మసాలా దట్టంగా పట్టి ఉంది.

దండనాట్య దర్శనం నుంచి నా మనసు ఇంకా తేరుకోలేదు. చైత్రమాసం చివరి పదమూడు రోజులు వ్రతం పట్టిన దండువాలు ఊరూరా తిరుగుతూ, మండుటెండలో దుమ్ములో ధూళిదండం, ఆ తర్వాత చెరువులో పాణిదండం చేసి, రాత్రంతా శివపార్వతుల ఆటలతో సహా ఎన్నో వేషాలు ఆడతారు. మేష సంక్రాంతి నాటికి వ్రతం ముగుస్తుంది. ఆ రోజునే ఒడియావారు పణా సంక్రాంతి అని పిలుచుకుని, మారేడు గుజ్జుతో చేసిన పానకం తాగుతారు, తులసికోట మీద అడుగున చిల్లు పెట్టిన కుండ వేలాడదీసి చుక్కచుక్కగా నీళ్లు పడేలా చూస్తారు. మన ఇళ్లల్లో ఉగాది పచ్చడీ, శ్రీరామనవమి పానకమూ అయిపోయిన కొన్నాళ్లకే ఈ బేల్ పణా వస్తుంది. మా బరంపురం తెలుగు ఇళ్లల్లో రెండూ చేసుకుంటాం.

ధూళిదండం చూడాలంటే మధ్యాహ్నం పొలంలో నిలబడాలి. మట్టి కాలుతోంది. మనుషులు ఆ మట్టిలో ఒళ్లంతా దుమ్ము పూసుకుని, పొలం దున్నడం, విత్తడం, కోయడం అభినయిస్తున్నారు. గొడుగులు పట్టుకుని అరగంట నిలబడేసరికి మాకు కళ్లు తిరిగాయి. డ్రైవరు పొలం గట్టు వరకూ బండి తెచ్చే వీలు లేక మామిడితోటలో పెట్టి, రెండు కూజాల చల్లటి నీళ్లు, గ్లూకోజు పొడి పట్టుకుని నడిచి వచ్చాడు. ఏసీ వేసి ఉంచిన బండిలో ఒక్కొక్కరం వంతులవారీగా పావుగంట కూర్చుని మళ్లీ వెళ్లాం. ఇంజను రన్నింగులో ఉంచినందుకు పెట్రోలు ఖర్చుగా నూట యాభై రూపాయలు అడిగాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేది. అయినా అడిగిన మొత్తం న్యాయమైనదే కాబట్టి ఇచ్చాం. ఏ ఖర్చయినా ఫోనులో మాట్లాడుకునేటప్పుడే చెప్పడం అలవాటు చేసుకొమ్మని మాత్రం మా తపాలా స్నేహితురాలు గట్టిగా చెప్పింది. ఆమె లెక్కలో ఒక్క రూపాయి తేడా రానివ్వదు.

ఈ బండిని నేను గుర్తుపెట్టుకునేది మాత్రం రుషికుల్యా ముఖద్వారం దగ్గరి రాత్రి వల్ల. ఛత్రపురం దాటి, జాతీయ రహదారి నుంచి గంజాం ఊరి పక్కగా పురుణాబంధ వైపు దిగితే సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికి మూకుమ్మడిగా వచ్చి ఇసుక గుంతల్లో గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వంద పైచిలుకు గుడ్లు ఉంటాయి. సుమారు 45 నుంచి 55 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక ఎంత వేడిగా ఉందన్న దాన్ని బట్టి ఆ పిల్లలు ఆడవి అవుతాయో, మగవి అవుతాయో తేలుతుంది. వేసవి వేడి సముద్రపు జీవుల పుట్టుకను కూడా ఇలా శాసిస్తుందని తెలుసుకున్నప్పుడు నాకు వింతగానూ, కొంచెం భయంగానూ అనిపించింది.

గుడ్డు నుంచి వచ్చిన పిల్ల చీకట్లో ఎక్కువ వెలుతురుగా కనిపించే దిక్కుకు పాకుతుంది. మనిషి దీపాలు లేని కాలంలో ఆ వెలుతురు సముద్రపు నీటి మీదిదే. ఇప్పుడు ఊరి దీపాలు, రోడ్డు మీది బండ్ల లైట్లు చూసి అవి వెనక్కి తిరిగి రోడ్డెక్కుతాయి, తెల్లవారేసరికి ఎండిపోయి చచ్చిపోతాయి. అందుకనే అటవీశాఖ వాళ్లూ, ఆ ఊళ్ల కుర్రాళ్లూ వలలు కట్టి, దారి తప్పిన పిల్లలను బుట్టల్లో, బకెట్లలో తీసుకెళ్లి నీటి దగ్గర వదులుతారు. మా డ్రైవరు గోపాలపురం దగ్గరి చేపలవాళ్ల ఇంటి బిడ్డ. ఈ తీరమంతా తెలుగు మాట్లాడే నోలియా కుటుంబాలే ఉన్నాయి, ఆ సముద్రంతో వాళ్లకున్న పరిచయం ముందు మన చదువు ఏపాటిది! సరుగుడు తోట అంచుకు రాకముందే అతడు హెడ్‌లైట్లు ఆర్పేసి, కిటికీలోంచి తల బయటకు పెట్టి, నడిచినంత నెమ్మదిగా బండి నడిపాడు. "సెల్‌ఫోను లైటు కూడా వెయ్యకండమ్మా, పిల్లలు సముద్రమనుకుని మీ కాళ్ల దగ్గరికే వచ్చేస్తాయి" అన్నాడు. మేము అయిదుగురం వలకు ఇవతల ఇసుకలో మెదలకుండా కూర్చున్నాం. తెల్లవారుజామున నాలుగు దాటాక ఇసుక కదిలింది. ముందు ఒకటి, తర్వాత పది, ఆ తర్వాత లెక్క తెలియలేదు. మెతుకంత మెడలు, రేకుల్లాంటి కాళ్లు. వదినగారు చేతులు జోడించి అలాగే ఉండిపోయారు. ఎవరూ ఫోటో తీయలేదు. తీయకూడదని ఎవరూ చెప్పలేదు కూడా.

మరో బండి కూడా అక్కడికి వచ్చింది. దాని డ్రైవరు లైట్లు వేసుకునే వచ్చాడు. మా అతడు పరుగెత్తుకెళ్లి బతిమాలి ఆర్పించాడు. కిరాయికి పిలిచిన మనిషి మా పని అయిపోయింది కదా అని కూర్చోకుండా, పరాయి బండి దగ్గరికి వెళ్లి ఒక తాబేలు పిల్ల కోసం మాటపడటానికి సిద్ధపడటం చూశాక, ఈ సేవకు ఎన్ని మార్కులు వేయాలన్న ఆలోచన నాలో ఆగిపోయింది.

గోపాలపురం సాయంత్రం గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. బరంపురానికి 16 కిలోమీటర్లే, అందరూ చూసినదే. లైట్‌హౌసు, పాత కట్టడాల మొండిగోడలు, ఒకప్పుడు రంగూన్ వెళ్లే ఓడల కోసం కూలీలు బారులు తీరిన ఒడ్డు. మా స్నేహితురాళ్లలో ఇద్దరి తాతలు ఆ ఓడలు ఎక్కినవాళ్లే. ఒకరు తిరిగి వచ్చారు, ఒకరు రాలేదు. ఆ రోజు సముద్రం కల్లోలంగా ఉంది, స్నానాలకు దిగనివ్వలేదు, మేము దిగాలనీ అనుకోలేదు. తాటిముంజలు కొనుక్కుని ఇసుకలో కూర్చున్నాం.

చంద్రగిరి ప్రయాణం మిశ్రమ అనుభవం. బరంపురం నుంచి సుమారు 85 కిలోమీటర్ల దూరంలో గజపతి జిల్లా కొండల మీద 1960 దశకం నుంచి టిబెట్ శరణార్థులు నివసిస్తున్నారు. మొక్కజొన్న పండిస్తారు. జిరంగ్ దగ్గర 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం ఉంది. కొండెక్కే కొద్దీ గాలి చల్లబడి, ఎండాకాలంలో అదే ఒక వరమనిపించింది. విహారంలో ఎత్తయిన ప్రార్థనామందిరం, గోడల మీది చిత్రాలు తీరిగ్గా చూశాం. బయట ఒక చిన్న పూటకూళ్ల ఇంట్లో ఆవిరి మీద ఉడికించిన మోమోలు తిన్నాం. మా మడి వదినగారు కూరగాయలవే అని రెండుసార్లు అడిగి మరీ తిన్నారు, మరో ప్లేటు అడిగారు. దారిలో తప్తపాణి దగ్గర ఆగకుండా ఉండాల్సింది. గంధకం నీళ్ల వేడి బుగ్గ అది, మాఘపు చలిలో అయితే హాయి, వైశాఖపు ఎండలో మాత్రం ఆ ఆవిరి భరించలేకపోయాం. అది మా తప్పే, బండివాడి తప్పు కాదు. అతడి తప్పు ఏమిటంటే, ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఏసీ ఆగిపోయింది. ఇంజను వేడెక్కుతోందని తానే ఆపేశాడట. ఘాటులో ఏసీ తీసేస్తామన్న సంగతి ముందే తెలిస్తే, మేము ఎండ పడని ఉదయం వేళకే బయలుదేరి ఉండేవాళ్లం.

పర్లాకిమిడి ప్రయాణం మొత్తం వేసవిలో మా అసంతృప్తి. ఆ ఊరు చూడాలన్నది నా చిరకాల కోరిక. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో అక్కడ రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, సవర గిరిజనుల మాట నేర్చుకుని, ఆ తర్వాత వ్యావహారిక భాష కోసం పోరాడిన ఊరు అది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. నా ఉద్యోగ జీవితమంతా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం రోజున పిల్లలకు ఆయన గురించి చెబుతూ వచ్చాను. ఆయన నడిచిన వీధిలో ఒక్కసారైనా నడవాలనుకున్నాను.

ఆ రోజు మా డ్రైవరు తన ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్పి, తనకు తెలిసిన మరొకరి బండి పంపాడు. పంపిన బండి కొత్తది, సీట్లు మెత్తనివి, ఏసీ చల్లగా ఉంది. కానీ ఆ డ్రైవరు ఆగే మనిషి కాదు. రాజావారి కోట చూసి, పర్లాకిమిడికి పేరు తెచ్చిన కొమ్ము పని చేసే ఇంట్లో మేము కూర్చున్నంతసేపట్లో, ఇంకో కిరాయి దొరికిందని చెప్పకుండా వెళ్లిపోయాడు. ఎద్దు కొమ్మును వేడిచేసి వంచి, కోసి, చెక్కి కొంగలుగా, దువ్వెనలుగా మలిచే ఆ పనివాడి చేతులు చూస్తూ కూర్చున్న మాకు అప్పుడు ఏమీ తెలియలేదు. బయటికి వచ్చాక గంటన్నర పాటు ఒక తీపి దుకాణం అరుగు మీద కూర్చోవలసి వచ్చింది. ఫోను తీయలేదు. వచ్చాక క్షమాపణ కూడా చెప్పలేదు. పంతులుగారు పనిచేసిన చోటు చూడాలన్న నా కోరిక ఆ గంటన్నరలో ఆవిరైపోయింది. ఎందుకంటే చీకటి పడకముందే తిరుగు ప్రయాణం అనుకున్నాం. కొత్త బండి, మెత్తని సీటు, చల్లని ఏసీ అన్నీ ఉండి, ఆగడం ఒక్కటి లేకపోతే ఏమవుతుందో ఆ రోజు నాకు తెలిసింది.

మా డ్రైవరుకు ఈ సంగతి చెప్పినప్పుడు అతడు సాకులు చెప్పలేదు. ఆ రోజు కిరాయిలో సగం మరుసటి వారం తగ్గించుకున్నాడు. తానిక ఎవరినీ తన మాట మీద పంపనని చెప్పాడు. ఆ మాట నమ్మాం. అయితే ఒక్కడే యజమానీ, ఒక్కడే డ్రైవరూ అయిన సేవకు ఉన్న బలహీనత ఇదే, అతడికి జ్వరం వస్తే మీకు బండి లేనట్టే. పండుగల రోజుల్లో పిలిపించుకునేవాళ్లు, అతడు రాలేకపోతే ఏం చేయాలన్నది ముందే మాట్లాడుకోవాలి. రసీదు అడిగితే ఇవ్వడు. డబ్బు ఫోనులోంచి పంపినా తీసుకుంటాడు, మాకు అదే లెక్కగా మిగిలింది. వెనక వరుసలో సీటు బెల్టులు సీటు కవర్ల కింద దాగిపోయి ఉన్నాయి, వాటిని పైకి తీయించడానికి మేము మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. రాత్రి వేళ జాతీయ రహదారి మీద లారీల మధ్య వెళ్లే బండికి ఇది చిన్న లోపం కాదు.

మంచిమాట కూడా చెప్పాలి. తొమ్మిది ప్రయాణాల్లో అతడు నడిపిన ఎనిమిదింటిలో ఒక్కసారి కూడా చెప్పిన వేళకు అయిదు నిమిషాలు దాటి రాలేదు. నడుపుతూ ఫోను మాట్లాడలేదు. రాత్రి ప్రయాణం ఉన్న రోజు మధ్యాహ్నం మరో కిరాయి ఒప్పుకోకుండా నిద్రపోయి వచ్చేవాడని వాళ్ల ఇంటావిడ చెప్పింది. కిరాయి మీద బతికే మనిషికి అది తక్కువ నష్టం కాదు.

చివరి ప్రయాణం నృసింహ చతుర్దశి రాత్రి. గంజాం జిల్లాలో ఊళ్లల్లో ప్రహ్లాద నాటకం ఆడతారు. జలంతర సంస్థానాధీశుడు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద చెప్పుకునే పాటలు, దక్షిణాది సంగీతపు పోకడలు, ఒడిశీ పోకడలు రెండూ కలిసిన రాగాలు. జలంతర ఇప్పుడు శ్రీకాకుళం వైపు ఉన్న ఊరే. హిరణ్యకశిపుడి పాత్రధారి మెట్లమెట్లుగా కట్టిన ఎత్తు గద్దె మీద ఎక్కుతూ, దిగుతూ, గర్జిస్తూ రాత్రంతా ఆడుతుంటే, వేదిక పక్కనే నరసింహస్వామి ముఖపు తొడుగుకు ధూపం వేస్తుంటారు. ఆఖరి ఘట్టం దగ్గర పడేసరికి ఊళ్లో చిన్నపిల్లలు కూడా మేలుకొని ఉన్నారు. మా నేత ఇంటి స్నేహితురాలు బరంపురం పట్టు కట్టుకుని వచ్చింది, అంచు మీద గుడి గోపురాల బారు ఉన్న చీర. ఆ పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెబుతూ, మగ్గం మీద ఇంకా కూర్చుంటున్న తన తమ్ముడి గురించి నాటకం మధ్యలోనే మాతో చాలాసేపు మాట్లాడింది. మాతోపాటే గోనెపట్టా మీద కూర్చున్న డ్రైవరుకు మొదటి రెండు గంటలు నాటకం అర్థం కాలేదేమో అనుకున్నాను. హిరణ్యకశిపుడు కొడుకును నిలదీసే ఘట్టంలో అతడు చేతులు పిడికిళ్లు చేసుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. ఆ రాత్రికి గంటల లెక్క కట్టవద్దని, తానూ చూశాను కదా అనీ అన్నాడు. మేము ఒప్పుకోలేదు, గంటకు వంద చొప్పున నాలుగు గంటలకు ఇచ్చాం.

దిగేటప్పుడు వదినగారు మహేంద్రగిరి సంగతి ఎత్తారు. 1,501 మీటర్ల ఆ కొండ మీద పాండవుల పేర్లతో ఉన్న పాత గుళ్లు చూడాలని ఆమె కోరిక. వానలు తగ్గాక కార్తీకంలో వెళ్దామన్నారు. పీట దించుతున్న డ్రైవరు కాసేపు ఆలోచించి, ఆ కొండ మీది దారికి తన వ్యాను చాలదని, జీపు ఉన్నవాడిని చూసుకొమ్మని, కావాలంటే తానే అడిగి చూస్తానని, అయితే ఆ జీపువాడు కొండ మీద ఆగి ఉంటాడో లేదో ముందు కనుక్కుని చెబుతాననీ అన్నాడు.